గట్టు చెక్కని నారుమడి

పొగాకు నారు కొనడానికి వచ్చిన రైతు ముందుగా ఆకు చూడడు. మా ఇసుక నేలల్లో ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. చెప్పులు బయట విడిచి, తనకు నచ్చిన మడిలో నచ్చిన చోట వంగి ఒక మొక్క పీకుతాడు. ఎక్కడ పీకాలో చెప్పే హక్కు నారు పెంచినవాడికి లేదు. ఇసుకలో తవ్వుకున్న మంచినీటి గుంటను మేము దొరువు అంటాం. ఆ దొరువు నీళ్ళలో మొక్కను జాడించి, వేరును అరచేతిలో పరుచుకుని చూస్తాడు. వేరు తెల్లగా, తల వెంట్రుకల్లా విడివిడిగా ఉంటే బేరం మొదలవుతుంది. వేరు మీద బుడిపెలు కనిపిస్తే మొక్కను మెల్లిగా కింద పెట్టి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, వచ్చిన దారినే వెళ్ళిపోతాడు. తిట్టడు. తిడితేనే నయం అనిపిస్తుంది.

ఈ పరీక్షలో నేను రెండేళ్ళు వరసగా తప్పాను.

నేను ఇసుకలో పుట్టినవాణ్ణి కాను. మాది తెనాలి దాటాక చుండూరు వైపు మాగాణి. కాలు పెడితే పిక్కల దాకా దిగిపోయే నల్లమట్టి. పెళ్ళయ్యాక బాపట్ల అవతల, సముద్రపు గాలి తగిలే మా ఆవిడ ఊరికి ఇల్లరికం వచ్చాను. వచ్చిన కొత్తలో పక్క పొలం ఆయన నన్ను చూసి తెగ నవ్వుకునేవాడు. "బావగారూ, ఇది మీ కాలవ కింద భూమి కాదండి. ఇక్కడ నీళ్ళు పెడితే పంటకి సగం, పాతాళానికి సగం" అనేవాడు. నిజమే. ఈ నేలకి ఏదీ నిలవదు. కానీ పొగాకు నారుకి ఇంతకంటే మంచి నేల లేదు. మొక్క పీకితే వేరు తెగకుండా, జడలోంచి పువ్వు తీసినట్టు వచ్చేస్తుంది. అందుకే పర్చూరు వైపు నల్లరేగడి రైతుల దగ్గర్నుంచి రేపల్లె వైపు ఏటి లంకల్లో నాటు పొగాకు వేసేవాళ్ళ దాకా నారు కోసం మా దగ్గరికే వచ్చేవాళ్ళు.

పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్న విద్య ఒక్కటే. గట్టు చెక్కడం. వరి పండించే ఊళ్ళలో మగవాడి పనితనం గట్టు చూసి చెప్తారు. ఆ అలవాటు ఇసుకలోకి తెచ్చాను. మడికీ మడికీ మధ్య నడిచే బాటలోంచి తడి ఇసుక పారతో ఎత్తి, మడి అంచుకి కొట్టి, పార వెనకవైపుతో నున్నగా రుద్దేవాణ్ణి. నా మడులు పెళ్ళిపీటల్లా వరసగా, ఎత్తుగా, కోణం చెడకుండా ఉండేవి. మా మామగారు బతికున్న రోజుల్లో వాటి చుట్టూ తిరిగి చూసి, "మా అల్లుడు చెక్కిన మడి ఎక్కబోతే కోడి కూడా జారి పడుతుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఆ మాటకి నేను పొంగిపోయేవాణ్ణి.

మట్టిలో ఉండి వేళ్ళకి బుడిపెలు కట్టించేది నులిపురుగు. ఆయనకి ఆ మాట తెలియదు. "నేల అలిసింది" అనేవారు. వేసవిలో నారు వేయబోయే చోట వరి ఊక మందంగా పరిచి కాల్చేవారు. ఒక చోట ఒకటి రెండేళ్ళు నారు పోస్తే తర్వాత అక్కడ నువ్వులో వేరుశనగో చల్లి, నారుమడి పొలంలో ఇంకో మూలకి మార్చేవారు. ఆయన పోయాక నేను ఆ రెండూ మానేశాను. ఊక ఇటుక బట్టీలవాళ్ళే ఎత్తుకుపోతున్నారు, దొరకడం లేదన్నాను. మడి మార్చాలంటే దొరువు నుంచి దూరంగా పైపు లాగాలి, బద్ధకించాను. దొరువు పక్కనే, ఒకే చోట, ఏటా నా పెళ్ళిపీటలు వేసుకుంటూ పోయాను. నారు అయిపోగానే ఆ తడి వృథా పోకూడదని మా ఆవిడ అక్కడే వంగ, టమాటా, బెండ పెట్టేది. ఇంటికి కూర, పక్కింటికి కూర. ఆ మూడూ నులిపురుగుకి పొగాకుతో సమానంగా ఇష్టమైనవని ఇద్దరికీ తెలియదు. అంటే ఏడాది పొడుగునా దానికి మేమే విస్తరి వేశాం.

మొదటి దెబ్బ రేపల్లె పెద్దాయన చేతిలో తిన్నాం. లంకలో పొగాకు వేసే ఆయన మా మామగారికి స్నేహితుడు. మా ఆవిడకి బాబాయ్, నాకు మామయ్య. రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి, బాపట్లలో దిగి, ఆటోలో మా ఊరు వస్తాడు. ఆ ఏడు కూడా అలాగే వచ్చి, మజ్జిగ తాగి, మడిలోకి వంగాడు. మొక్క జాడించి, వేరు అరచేతిలో పరుచుకుని చూశాడు.

"అల్లుడుగారూ, ఇవేంటి? రుద్రాక్షలా?"

నవ్వబోయాను. నా చేతిలో పెట్టాడు. సన్నటి వేరు మీద సగ్గుబియ్యం గుచ్చినట్టు బుడిపెలు.

"ఇంకోటి పీకండి మామయ్యగారూ. అదేదో ఒక్కదానికే..."

"పీకాను కదయ్యా, నాలుగు చోట్ల పీకాను. నువ్వు మజ్జిగ గ్లాసు తీసుకెళ్ళినప్పుడు." గొంతులో కోపం లేదు. "ఇది నా పొలంలో నాటితే ఈ పురుగు నాతోనే కాపరం పెడుతుంది. మళ్ళీ పొమ్మంటే పోదు. మీ ఇల్లరికం లాగా."

ఆయన హాస్యానికే అన్నాడు. మా ఆవిడ కూడా నవ్వింది. నాకు మాత్రం గుచ్చుకుంది. ఆయన ఉత్త చేతులతో స్టేషన్‌కి వెళ్ళిపోయాడు. ఆ సంగతి చుట్టుపక్కల పాకింది. మిగిలిన నారు అడిగేవాళ్ళు లేక మడిలోనే ముదిరి పువ్వు వేసింది.

ఆ వేసవిలోనే రొయ్యల చెరువుల ఆయన ఇంటికి వచ్చాడు. దొరువు పక్కనున్న నేల చెక్కని చెరువుకి ఇమ్మని అడిగాడు. చుట్టూ రెండు వైపులా అప్పటికే చెరువులు వచ్చేశాయి. మా నేల కింద మంచినీళ్ళు పలచటి పొర. దాని కింద అంతా ఉప్పు. ఇక్కడ చెరువు తవ్వి సముద్రపు నీళ్ళు పెడితే దొరువు ఉప్పవుతుంది. దొరువు ఉప్పయితే మిగతా పొలంలో కూడా ఇక ఏదీ మొలవదు. ఒకసారి చెరువైన నేల మళ్ళీ నేల కావడం నేను చూడలేదు. పొలం మా ఆవిడది. చెప్పాల్సింది ఆవిడే.

"ఒక్క ఏడాది ఆగండి అన్నయ్యా" అంది అతనితో. అతను వెళ్ళాక నా వైపు తిరిగి, "వచ్చే నారు బాగుంటే నేల. లేకపోతే చెరువు. మీరే తేల్చండి" అంది.

నేను తెనాలి వెళ్ళాను. అక్కడ ఎరువుల కొట్టు ఆయన మట్టిలో పోస్తే ఆవిరై లోపలంతా పాకే మందు ఇచ్చాడు. పనితనంలో నాకు వంక పెట్టడానికి ఉండకూడదని ఆయన చెప్పినవన్నీ చేశాను. వేసవిలో దున్ని ఇసుక తిరగేసి ఎండబెట్టాం. తర్వాత తడిపి, చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకుని మందు పోసి, వెంటనే ప్లాస్టిక్ పట్టా కప్పి, పట్టా అంచులు ఇసుకలో పూడ్చాం. కళ్ళు మండిపోయాయి. కుళ్ళిన ముల్లంగి లాంటి వాసన. మా ఆవిడ పిల్లుల్ని కూడా ఆ చుట్టుపక్కలకి రానివ్వలేదు. చెప్పిన గడువు అయ్యాక పట్టా తీసి, ఇసుక గుల్ల చేసి, గాలి పట్టనిచ్చాం. ఆ ఇసుక కుండలో పోసి ఆవాలు చల్లి చూసింది ఆవిడ. ఆవాలు మొలిచాయి. మందు పోయింది, ఇక విత్తనం చల్లుకోవచ్చు.

పట్టా తీసేసరికి మడులు కుంగి, అంచులు విరిగి, చదునుగా ఉన్నాయి. పొగాకు విత్తనం చల్లబోయే మడి అలా ఉంటే నా కళ్ళు ఒప్పుకోలేదు. పార తీసుకుని బాటలోంచి తడి ఇసుక ఎత్తి అంచులన్నీ కట్టాను. నున్నగా రుద్దాను. పక్క పొలం ఆయన గట్టు మీద నిలబడి చూసి, "బావగారూ, ఇది నారుమడా, గుడి మెట్లా?" అన్నాడు. ఆ సాయంత్రం నేను అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

నారు మొలిచి ఏపుగా వచ్చింది. మధ్యలో ముదురాకుపచ్చ. కానీ రానురాను ప్రతి మడికీ అంచున చుట్టూ చీర అంచులా పసుపు రంగు తేలింది. రేపల్లె పెద్దాయన వచ్చాడు, స్నేహం కొద్దీ. అంచునే పీకాడు. ఈసారి రుద్రాక్షల మాట కూడా ఎత్తలేదు. మొక్కను నీళ్ళలోనే వదిలేసి, "అమ్మాయ్, నేను బయల్దేరతాను. రైలు టైమైంది" అన్నాడు. రైలుకి చాలా టైముంది.

తెనాలి కొట్టుకి వెళ్ళి నలుగురు రైతులు వింటుండగా కల్తీ మందు అమ్మావని అరిచాను. ఆ కొట్టాయన "అది కాదండి, వినండి" అంటూనే ఉన్నాడు. వినలేదు. ఇంటికొచ్చి, ఆ కోపంతోనే మడిలో దిగి నారంతా పీకి పారేయడం మొదలుపెట్టాను. పీకుతూ పీకుతూ చేతిలోకి చూశాను. మధ్యలోవి తెల్లటి వేళ్ళు, ఒక్క మచ్చ లేదు. అంచు వైపువి బుడిపెలు. ఇంకో మడి పీకాను. అదీ అంతే. ఇంకోటి. అంతే. బుడిపెలు ఎక్కడ మొదలయ్యాయో అక్కడ వేలితో గీత గీయవచ్చు. ఆ గీత మీద నా పార అచ్చు ఇంకా కనిపిస్తోంది.

మందు పోసింది మడికి. బాటకి కాదు. పురుగున్న బాట ఇసుక తెచ్చి మడికి గోడ కట్టింది నేను.

మందు మంచిది. నేల మంచిది. చేతులు చెడ్డవి. ఇంట్లోకి వెళ్ళి మా ఆవిడతో చెప్పడం నా వల్ల కాదనిపించింది. అయినా వెళ్ళేసరికి ఆవిడ చెరువు ఆయనకి కబురు చేయడానికి ఫోను తీసింది. ఆ ఫోను మీద చెయ్యి వేసి చెప్పాను. గట్టు నేను చెక్కడం వల్లే పోయిందని చెప్పాను. మామగారి పద్ధతులు రెండూ మానేసింది బద్ధకంతోనే కానీ ఊక దొరక్క కాదని కూడా చెప్పాను. ఆవిడ ఫోను పక్కన పెట్టింది.

"అంటే, మీ గట్టు అందం కోసం మా నాన్న పొలం చెరువులో కలిపేదాన్నా?"

"అవును."

"ఇంకా ఏంటి?"

"నీ వంకాయలు కూడా."

"నా వంకాయలా? వాటి జోలికెందుకొచ్చారు?" అని గయ్యిమంది. దొరువు పక్కకి తీసుకెళ్ళి, మడుల అవతల వేసవిలో దున్నకుండా వదిలిన వంగ మొక్కల్లో ఒకటి పీకి చూపించాను. దాని వేళ్ళకి బుడిపెలు శనక్కాయలంత ఉన్నాయి. అది చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. తర్వాత తనే వంగి మిగతావి పీకడం మొదలుపెట్టింది. పూతా పిందె ఉన్న మొక్కలు. "గుత్తివంకాయ అడిగారంటే చూడండి ఇక" అంది, తల ఎత్తకుండా.

చెరువు ఆయన్ని ఇంకో ఏడాది ఆగమంది. అతను ఫోనులో నవ్వడం నాకు వినిపించింది. "ఇదే ఆఖరమ్మా. వచ్చే వేసవికి నేను వేరే చోట తవ్వుకుంటాను, అప్పుడు మీరు పిలిచినా రాను" అన్నాడు.

దొరువు పక్క చెక్కలో జనుము చల్లాం. అది పూతకి రాగానే నేలలో దున్నేశాం. తర్వాత వేరుశనగ. నులిపురుగుకి తినడానికి ఏమీ దొరక్కుండా అలా రెండు మూడేళ్ళు ఉంచాలి. నారుమడి పొలానికి పైన, మామగారు చివరిగా నువ్వులు చల్లిన మూలకి మార్చాం. దొరువు నుంచి అక్కడికి పైపు నేనే లాగాను. తెనాలి కొట్టుకి వెళ్ళి, ముందు ఆయనకి అందరి ముందూ క్షమాపణ చెప్పి, తర్వాత మందు అడిగాను. "అరిచినప్పుడు ఉన్నంత మంది ఇప్పుడు లేరండి, కాసేపాగి చెప్పండి" అన్నాడు. ఆగి, ఇంకో ఇద్దరు రైతులు వచ్చాక మళ్ళీ చెప్పాను. టీ తెప్పించాడు.

ఈసారి మందు మడికే కాదు, బాటలకీ పోశాం. మడుల్లో వాడే పార వేరు, బయట వాడే పార వేరు. మడిలోకి దిగేముందు కాళ్ళు కడుక్కోవాలి. ఇక గట్టు చెక్కేది లేదు. పట్టా తీశాక మడి ఎలా కుంగితే అలాగే ఉంచి, గడ్డి పరిచి, విత్తనం చల్లాను. ఇన్నేళ్ళలో అంత వికారమైన నారుమడి నేను చూడలేదు. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

పక్క పొలం ఆయన ఊరుకుంటాడా? "బావగారూ, నడుం పట్టేసిందా? మడులేంటి పందికొక్కు తవ్వినట్టున్నాయి? చెప్తే మా వాడిని పంపేవాణ్ణి కదండి."

"ఈ ఏడు ఇదే ఫ్యాషనండి" అన్నాను. నవ్వుతూనే అన్నాను కానీ, తల ఎత్తి చూడలేకపోయాను.

నారు వేలెడంత ఎదిగాక వాన పట్టుకుంది. తుపాను కాదు గానీ ఆగకుండా కురిసింది. ఇసుకలోకి ఇంకే నీళ్ళు కూడా ఇంకలేక పైన పారాయి. పురుగున్న కింద చెక్క నీళ్ళు మడుల వైపు ఎగదన్నకుండా ఇద్దరం తడుస్తూ అడ్డంగా కాలవ తీశాం. వాన వెలిసేసరికి పడమటి మడి అంచు విరిగి జారిపోయింది. అంచు వరస మొక్కల వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. బాటలో తడి ఇసుక మెత్తగా, పారకి సరిగ్గా సరిపోయేలా ఉంది. రెండు పారల ఇసుక వేసి ఒక్కసారి రుద్దితే ఆ వరస బతుకుతుంది. బాటకీ మందు పోశాం కదా, ఏమవుతుంది అనుకున్నాను. కానీ వాన నీళ్ళు ఎక్కడెక్కడి ఇసుకనో ఆ బాటలోకి తెచ్చి పోశాయి. అది తెలుసు. తెలిసే పార అందుకున్నాను.

"ఏవండీ, పారతో ఎక్కడికి?" వెనక నుంచి మా ఆవిడ.

"ఊరికే."

"ఊరికే అయితే ఇటివ్వండి."

ఇచ్చేశాను. ఆ వరస మొక్కలు ఎండ తగలగానే వాడిపోయాయి. నా చేతుల్లో పని ఉండగా నేను చేయకుండా కూర్చున్నది నా జన్మలో అదొక్క రోజే. ఇప్పుడు తలుచుకుంటే, నేను కట్టిన అన్ని గట్ల కంటే కట్టని ఆ గట్టే నాకు గొప్పగా అనిపిస్తుంది.

పెద్దాయనకి ఫోను చేసింది మా ఆవిడ. రానన్నాడు. "మోకాళ్ళు నొప్పులమ్మా" అన్నాడు. "బాబాయ్, నువ్వు కొననక్కర్లేదు. ఒక్క మొక్క పీకి చూసి పో. బాలేదంటే దొరువు పక్క చెక్క చెరువుకి ఇచ్చేస్తాను. ఆ మాట నీ నోటితో చెప్పు" అంది. మర్నాడు వచ్చాడు. పొలంలోకి రాగానే నా మడులు చూసి ఆగిపోయాడు.

"అల్లుడుగారూ, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందండి."

"మరి ఈ మడులకేమైంది?"

మా ఆవిడ చెప్పింది, ఒక్క ముక్కలో. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత కాళ్ళు కడుక్కుని, ఏ మడినీ చూడకుండా, నేరుగా విరిగిన అంచు దగ్గరికి నడిచాడు. అక్కడ, ఎండిపోయిన వరస పక్కన, బతికిన మొదటి మొక్క పీకాడు. పక్కదీ పీకాడు. బకెట్లో జాడించాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. మా ఆవిడ చీర కొంగు చేతికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

ఆయన రెండు మొక్కల్నీ ఎండలోకి ఎత్తి పట్టుకున్నాడు. వేళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తెల్లగా, విడివిడిగా.

"ఇంకెక్కడైనా పీకమంటారా?" అన్నాడు నా వైపు చూసి.

"మీ ఇష్టం మామయ్యగారూ. నేను చెప్పకూడదు కదా."

"చెప్పకూడదని తెలుసన్నమాట." ఆయన మళ్ళీ వంగి, తూర్పు మడి అంచున, ఉత్తరపు మూలన, పైపు కారే చోట కూడా పీకి చూశాడు. మోకాళ్ళు నొప్పులన్న మనిషి. చివరికి లేచి, "అమ్మాయ్, ఉన్నదంతా నాకే. మా లంకలో వాళ్ళకి కూడా నేనే చెప్తాను. తడి పెట్టండి, పీకుదాం" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీ మామ ఉంటే ఈ మడులు చూసి ఏడ్చేవాడు. వేళ్ళు చూసి ఇంకా ఏడ్చేవాడు."

మా ఆవిడ అప్పుడే దూరంగా నడిచి ఫోను చేస్తోంది. చెరువు ఆయనకి. "లేదండి అన్నయ్యా. ఇవ్వం. ... కాదండి, రేటు గురించి కాదు. నేలకి పని ఉంది" అంటోంది. గొంతు గట్టిగానే ఉంది.

ఆ మధ్యాహ్నమంతా మడులు తడిపి నారు పీకాం, కట్టలు కట్టి, తడి గోనెల్లో చుట్టి, లంకకి వెళ్ళే బండి ఎక్కించాం. పెద్దాయన డ్రైవరు పక్కన కూర్చుని, ఎండ తగలకుండా గోనె సర్దుకుంటూ వెళ్ళాడు. అడుగున చిన్నచిన్న మొక్కలు కొన్ని మిగిలాయి. పక్క పొలం ఆయన వచ్చి, "బావగారూ, మిగిలినవి ఉంచండి, గట్ల మీద పెట్టుకుంటాను" అన్నాడు. పూర్వమైతే ఇచ్చేసేవాణ్ణి.

"లేదండి. నారు అయిపోయాక వేరన్నది ఈ మడిలో ఉండకూడదు."

"అవి బాగానే ఉన్నాయి కదండి?"

"బాగున్నా సరే."

ఆయన వింతగా చూసి వెళ్ళాడు. మేమిద్దరం మడిలోకి దిగి, ఆ చిన్న మొక్కల్ని ఒక్కొక్కటే వేళ్ళతో సహా పీకి కుప్ప వేశాం. ప్రతి మొక్కా పీకినప్పుడల్లా మా ఆవిడ వేరు వైపు చూసేది. చూసి నాకు చూపించేది. నేనూ చూసేవాణ్ణి. కుప్ప ఎండాక కాల్చేశాం.